లోకల్‌హోస్ట్‌లో నడుస్తున్న వెబ్‌సైట్‌ను టన్నెల్‌తో బయటివాళ్లకు చూపించడం: సమగ్ర మార్గదర్శి

సైట్ మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. హోస్టింగ్ ఇంకా కొనలేదు. ఈలోగా గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం చేసుకునే ఆవిడ ఫోన్ చేసి, "పని ఎంతవరకు వచ్చిందండీ? లింక్ పంపితే మా అబ్బాయికి కూడా చూపిస్తాను, వాడు డాలస్‌లో ఉంటాడు" అంటారు. మీ బ్రౌజర్‌లో కనిపిస్తున్న లోకల్‌హోస్ట్ అడ్రస్ పంపితే ఆవిడ ఫోన్‌లో తెరుచుకోదు. స్క్రీన్‌షాట్లు పంపినా, కార్ట్ బటన్ నొక్కితే ఏమవుతుందో, చిన్న స్క్రీన్ మీద మెనూ ఎలా ఒదుగుతుందో వాటిలో తెలియదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును గైడ్‌కు చూపించాలన్నా, పేమెంట్ గేట్‌వే వెబ్‌హుక్ (ఏదైనా జరగగానే గేట్‌వే మీ సైట్‌కు పంపే కబురు) పరీక్షించాలన్నా ఇదే చిక్కు.

దీనికి సరైన మార్గం టన్నెల్, అంటే బయటివాళ్లు మీ ల్యాప్‌టాప్‌లోని సైట్‌ను చేరుకోవడానికి తెరిచే దారి. తెరవడానికి ఒక్క కమాండ్ చాలు, ఐదు నిమిషాల పని. కానీ తెరిచే ముందు చేయాల్సిన సర్దుబాటుకు అంతకంటే ఎక్కువ సమయం కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. టన్నెల్ గుండా వచ్చిన ప్రతి అపరిచితుడూ మీ కంప్యూటర్ కంటికి మీలాగే కనిపిస్తాడు. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతాదంతా తేలికే.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

లింక్ బయట ఎందుకు తెరుచుకోదు?

లోకల్‌హోస్ట్ అంటే "ఈ కంప్యూటరే" అని అర్థం. దాని ఐపీ అడ్రస్ 127.0.0.1. ఆ లింక్‌ను గుంటూరు ఆవిడ తన ఫోన్‌లో నొక్కితే, ఫోన్ తనలోనే సైట్ కోసం వెతుక్కుంటుంది. అక్కడ ఏమీ ఉండదు కాబట్టి ఎర్రర్ వస్తుంది.

సరే, ల్యాప్‌టాప్‌కు వైఫైలో ఇంకో ఐపీ ఉంటుంది కదా, 192.168తో మొదలయ్యేది? అది మీ ఇంటి రౌటర్ ఇచ్చిన ప్రైవేట్ అడ్రస్. అదే వైఫైలో ఉన్న ఫోన్‌కు పనికొస్తుంది, గుమ్మం దాటితే పనికిరాదు. 10తో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవీ కూడా ఇలాంటివే.

ఒకప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను మీ కంప్యూటర్‌కు పంపే సెట్టింగ్) పెట్టుకుని ఈ పని కానిచ్చేవాళ్లు. ఇప్పుడు చాలా ఇళ్లలో అది కుదరదు. ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లే సుమారు 430 కోట్లు. పంచడానికి మిగిలిన చివరి నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. దాంతో ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది కస్టమర్లకు కలిపి ఇస్తున్నాయి. దీన్నే సీజీన్యాట్ అంటారు. దీనికోసమే 2012లో 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా అడ్రస్‌లను పక్కన పెట్టారు. మీ రౌటర్ సెట్టింగ్స్‌లో వ్యాన్ ఐపీ (బయటి ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న అడ్రస్) చూడండి. అది ఈ వరుసలో ఉన్నా, "నా ఐపీ ఏది" అని చెప్పే సైట్లు చూపించే దానితో కలవకపోయినా మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టే. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు, ఎందుకంటే అసలు తలుపు కంపెనీ దగ్గర ఉంది. మొబైల్ హాట్‌స్పాట్ వాడేవాళ్ల పరిస్థితి కూడా దాదాపు ఇంతే.

టన్నెల్ చేసే పని

బయటి నుంచి లోపలికి కనెక్షన్ రానివ్వకపోయినా, లోపలి నుంచి బయటికి వెళ్లేదాన్ని మామూలుగా ఎవరూ ఆపరు. లేకపోతే మనం ఏ సైటూ చూడలేం. టన్నెల్ ఈ సౌకర్యాన్నే వాడుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ నడుస్తుంది. అది టన్నెల్ కంపెనీ సర్వర్‌కు తానే కనెక్ట్ అయి, ఆ లైన్‌ను అలాగే పట్టుకుని ఉంటుంది. మనం చేసిన ఫోన్ కాల్‌లో అవతలివాళ్లు కూడా మాట్లాడగలరు కదా, ఇదీ అంతే. కంపెనీ మీకు ఒక పబ్లిక్ అడ్రస్ ఇస్తుంది. గుంటూరు నుంచో డాలస్ నుంచో ఎవరైనా దాన్ని తెరిస్తే, ఆ రిక్వెస్ట్ తెరిచి ఉన్న లైన్ మీదుగా మీ ల్యాప్‌టాప్‌కు వచ్చి, జవాబు అదే దారిన వెనక్కి వెళ్తుంది. రౌటర్‌ను ముట్టుకోనక్కర్లేదు, ఫైర్‌వాల్‌లో కన్నం పెట్టనక్కర్లేదు.

ఇలాంటి టన్నెల్‌ను "సెక్యూర్" అంటుంటారు, ఆ మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. చూసేవాళ్ల బ్రౌజర్ నుంచి కంపెనీ సర్వర్ దాకా హెచ్‌టీటీపీఎస్ ఉంటుంది. అక్కడి నుంచి మీ ల్యాప్‌టాప్ దాకా ఇంకో ఎన్‌క్రిప్టెడ్ లైన్ ఉంటుంది. దారిలో ఎవరూ తొంగిచూడలేరు. అయితే ఈ రెండు లైన్లూ కలిసే చోట, అంటే కంపెనీ సర్వర్‌లో, సమాచారం విప్పబడి మళ్లీ మూయబడుతుంది. ఇక దారి భద్రంగా ఉన్నంత మాత్రాన ఆ దారి చేరే సైట్ భద్రమైపోదు. అడ్మిన్ పాస్‌వర్డ్ "అడ్మిన్123" అయితే, హెచ్‌టీటీపీఎస్ ఆ పాస్‌వర్డ్‌ను దొంగ దగ్గర్నుంచి భద్రంగా మోసుకొస్తుంది, అంతే.

మొదటి అడుగు: ఏం బయటపెడుతున్నామో తేల్చుకోవడం

తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో, కొత్తగా ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టినవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది జాంప్, సొంత కంప్యూటర్‌లోనే సైట్ నడుపుకునే ప్యాకేజీ. వెబ్ సర్వర్ అపాచీ, డేటాబేస్ మరియాడీబీ (కంట్రోల్ ప్యానెల్‌లో మైఎస్‌క్యూఎల్ అనే ఉంటుంది), పీహెచ్‌పీ మూడూ ఒకే ఇన్‌స్టాలర్‌లో వస్తాయి. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

జాంప్‌లో మీ సైట్ ఒక్కటే ఉండదు. హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో మీరు ఇంతకుముందు చేసిన ప్రాజెక్టులన్నీ ఉంటాయి. దాని పక్కనే, బ్రౌజర్ నుంచి డేటాబేస్‌ను నడిపే పీహెచ్‌పీమైఅడ్మిన్ ఉంటుంది. డేటాబేస్ మీద అన్ని అధికారాలుండే రూట్ యూజర్‌కు మొదట్లో పాస్‌వర్డే ఉండదు, చాలామంది తర్వాత కూడా పెట్టరు. అపాచీ వినే పోర్ట్ 80ని నేరుగా టన్నెల్‌కు ఇచ్చేస్తే ఇవన్నీ కలిపి ఇచ్చినట్టే.

"పీహెచ్‌పీమైఅడ్మిన్ బయటివాళ్లకు తెరుచుకోదు కదా, దానికి రక్షణ ఉంది" అని కొందరు అంటారు. ఉన్నమాట నిజమే. అపాచీ సెట్టింగ్స్‌లో, ఆ ఫోల్డర్‌కు "రిక్వైర్ లోకల్" అనే వరుస ఉంటుంది. అంటే ఇదే కంప్యూటర్ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌నే రానివ్వమని. మరి టన్నెల్ ప్రోగ్రామ్ నడుస్తున్నది ఎక్కడ? ఇదే కంప్యూటర్‌లో. డాలస్ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌ను అది 127.0.0.1 నుంచి అపాచీ చేతికి ఇస్తుంది. అపాచీ దాన్ని "మనవాళ్లే" అనుకుని తలుపు తీస్తుంది. పాస్‌వర్డ్ లేని రూట్‌తో మీ డేటాబేస్‌లన్నీ అవతలివాళ్ల ముందు పరిచినట్టవుతుంది. జాంప్ ఒక్కదానికే కాదు, "లోకల్ నుంచి వస్తే నమ్ముతాను" అనే తరహా రక్షణలన్నిటికీ ఇదే గతి.

అందుకని అపాచీని పక్కన పెట్టి, పీహెచ్‌పీలోనే ఉన్న చిన్న సర్వర్‌ను వాడండి. జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీని ఆపేయండి, మైఎస్‌క్యూఎల్‌ను నడవనివ్వండి. తర్వాత టెర్మినల్ తెరిచి, జాంప్ ఫోల్డర్‌లోని పీహెచ్‌పీ ప్రోగ్రామ్‌తో ఇలా నడపండి:

పీహెచ్‌పీ -ఎస్ 127.0.0.1:8081 -టీ సైట్‌ఫోల్డర్

ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం, టీ చిన్న అక్షరం. సైట్‌ఫోల్డర్ బదులు మీ ప్రాజెక్టు ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వండి. ఇప్పుడు 8081లో కనిపించేది ఆ ఫోల్డర్ ఒక్కటే. పీహెచ్‌పీమైఅడ్మిన్ లేదు, పక్క ప్రాజెక్టులు లేవు. ఇది మామూలుగా ఒకసారికి ఒక్క రిక్వెస్టే తీసుకుంటుంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, నలుగురికి చూపించడానికి సరిపోతుంది. ఇంకో సంగతి: ఈ సర్వర్ అపాచీ నియమాలుండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ను చదవదు. ఆ ఫైల్ మీద ఆధారపడి ఏ ఫోల్డర్‌నైనా దాచి ఉంటే, అది ఇక్కడ దాగదు.

తర్వాత ఆ ఫోల్డర్‌లో ఏముందో ఒకసారి చూడండి. ఎన్వ్ ఫైల్ (పాస్‌వర్డ్‌లు, రహస్య కీలు ఉండేది), గిట్ ఫోల్డర్ (కోడ్ పాత మార్పులన్నీ ఉండేది), డేటాబేస్ బ్యాకప్, "పాత కాపీ" అని పేరు పెట్టిన జిప్ ఇవన్నీ బయటికి తీసేయండి. పబ్లిక్ వెబ్‌సైట్లలో ఇలాంటి ఫైళ్ల కోసమే బాట్లు ఎప్పుడూ వెతుకుతూ ఉంటాయి. లారావెల్ (ఒక పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) అయితే ప్రాజెక్టు మొత్తాన్ని కాకుండా దానిలోని పబ్లిక్ ఫోల్డర్‌ను మాత్రమే ఇవ్వండి. డీబగ్ మోడ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే చిన్న ఎర్రర్ వచ్చినా ఫైళ్ల పాత్‌లు, సెట్టింగులు తెర మీదికి వచ్చేస్తాయి. అసలు కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు డేటాబేస్‌లో ఉంటే వాటి స్థానంలో ఉత్తుత్తి పేర్లు పెట్టండి. పచ్చళ్ల సైట్ చూపించడానికి ఆవకాయ, గోంగూర, పండుమిర్చి ధరలుంటే చాలు, నిజమైన ఆర్డర్లు అక్కర్లేదు. ఫైల్ అప్‌లోడ్ ఫారం ఉండి, దానిలో ఏ రకం ఫైల్ వస్తోందో పరీక్షించే కోడ్ ఇంకా రాయకపోతే, ప్రదర్శన అయ్యేదాకా దాన్ని మూసి ఉంచండి.

రెండో అడుగు: టన్నెల్ తెరవడం

నేను మొదట సిఫారసు చేసేది క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్. ఇంతకుముందు దీన్ని ఆర్గో టన్నెల్ అనేవారు. 2021 ఏప్రిల్‌లో పేరు మార్చి ఉచితం చేశారు. తాత్కాలిక లింక్ కోసం అకౌంట్ కూడా అక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్ పేరు క్లౌడ్‌ఫ్లేర్‌డీ, అంటే కంపెనీ పేరు చివర ఒక డీ అక్షరం చేర్చాలి. మధ్యలో ఖాళీ ఉండదు.

విండోస్‌లో ఇలా ఇన్‌స్టాల్ చేయండి:

విన్‌గెట్ ఇన్‌స్టాల్ --ఐడీ క్లౌడ్‌ఫ్లేర్.క్లౌడ్‌ఫ్లేర్‌డీ

మ్యాక్‌లో బ్రూ ఇన్‌స్టాల్ క్లౌడ్‌ఫ్లేర్‌డీ అంటే సరిపోతుంది. లినక్స్‌కు కంపెనీ ఇచ్చే డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలున్నాయి. ఇన్‌స్టాల్ అయ్యాక కొత్త టెర్మినల్ తెరవండి. పాత విండోలోనే ప్రయత్నిస్తే కమాండ్ దొరకలేదని చెప్పొచ్చు. సైట్ నడుస్తున్న మొదటి టెర్మినల్‌ను మూయకుండా, రెండో దానిలో ఇది కొట్టండి:

క్లౌడ్‌ఫ్లేర్‌డీ టన్నెల్ --యూఆర్ఎల్ హెచ్‌టీటీపీ://127.0.0.1:8081

అడ్రస్‌లో లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 అని అంకెల్లోనే రాయడం మంచిది. కొన్ని కంప్యూటర్లలో లోకల్‌హోస్ట్ అనే పేరు ఐపీవీ6 అడ్రస్‌కు వెళ్తుంది. మీ సర్వర్ ఐపీవీ4లో మాత్రమే వింటుంటే ఇద్దరూ కలుసుకోరు.

ఎంటర్ కొట్టాక వరుసగా లాగ్ లైన్లు వస్తాయి. వాటి మధ్యలో గీతలతో చేసిన ఒక పెట్టె, దానిలో మీ లింక్ కనిపిస్తుంది. సంబంధం లేని కొన్ని ఇంగ్లీషు పదాలను హైఫన్లతో కలిపి, చివర ట్రైక్లౌడ్‌ఫ్లేర్.కామ్ అని ఉంటుంది. కింద ఇంకో లైన్ కోసం చూడండి: "రిజిస్టర్డ్ టన్నెల్ కనెక్షన్" అని మొదలై, చివర్లో లొకేషన్ ఎదుట ఎయిర్‌పోర్ట్ కోడ్ లాంటిది ఉంటుంది. బీఓఎం అంటే ముంబై, ఎంఏఏ అంటే చెన్నై, హెచ్‌వైడీ అంటే హైదరాబాద్. మీ లైన్ ఏ ఊరి డేటా సెంటర్‌కు చేరిందో అది చెబుతుంది. ఆ లైన్ రాకపోతే లింక్ కనిపించినా పని చేయదు.

లింక్ పంపే ముందు మీరే పరీక్షించండి. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద తెరవండి. ల్యాప్‌టాప్‌లోనే తెరిచి చూసి సరిపెట్టుకోవద్దు, కారణం తర్వాతి భాగంలో వస్తుంది. సైట్ తెరుచుకున్నాక, అదే లింక్ చివర పీహెచ్‌పీమైఅడ్మిన్ అని, .ఎన్వ్ అని, .గిట్/కాన్ఫిగ్ అని చేర్చి చూడండి. వీటిలో దేని లోపలి సరుకైనా ఫోన్ తెర మీద కనిపిస్తే వెంటనే కంట్రోల్, సీ నొక్కి టన్నెల్ ఆపి, మొదటి అడుగుకు వెళ్లండి.

ఈ తాత్కాలిక లింక్‌కు హద్దులున్నాయి. ఆపి మళ్లీ నడిపితే కొత్త అడ్రస్ వస్తుంది, పాతది పోతుంది. ఒకే సమయంలో 200 రిక్వెస్ట్‌లకు మించి తీసుకోదు. సర్వర్-సెంట్ ఈవెంట్స్ (సర్వర్ జవాబును కొద్దికొద్దిగా పంపే పద్ధతి) పని చేయవు, కాబట్టి ఏఐ చాట్‌బాట్ జవాబు అక్షరం అక్షరం వచ్చేలా ఆ పద్ధతిలో చేసినవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడతారు. ల్యాప్‌టాప్ మూత మూస్తే, అది నిద్రలోకి వెళ్తే, కరెంటు పోయి రౌటర్ ఆగితే లింక్ కూడా ఆగుతుంది. "సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా చూడండి" అని ముందే సమయం చెప్పి పంపడం ఇద్దరికీ మంచిది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ఆ గంట ఆపి పెట్టండి.

మోసగాళ్లు కూడా ఇలాంటి ఉచిత లింకులను వైరస్‌లు పంపడానికి వాడుకుంటున్నారు. అందుకే కొన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లు ఈ డొమైన్‌ను మొత్తంగా బ్లాక్ చేస్తాయి. "మా ఆఫీసులో తెరుచుకోవడం లేదు" అని క్లయింట్ అంటే మొబైల్ డేటా మీద చూడమనండి.

తెరుచుకుంది గానీ సరిగ్గా లేదు

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ దశే. ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంటుంది, ఫోన్‌లో ఫొటోలు రావు, బటన్ నొక్కితే స్పందన ఉండదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పేజీ లోపల ఎక్కడో లోకల్‌హోస్ట్ అని పూర్తి అడ్రస్ రాసి ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో పేజీ టన్నెల్ నుంచి వచ్చినా, ఆ ఫొటో కోసం బ్రౌజర్ మీ సొంత లోకల్‌హోస్ట్‌ను అడుగుతుంది, అది అక్కడే ఉంది కాబట్టి ఇచ్చేస్తుంది. ఫోన్‌కు ఆ అదృష్టం లేదు. మొబైల్ డేటా మీద పరీక్షించమన్నది ఇందుకే.

వర్డ్‌ప్రెస్‌లో ఇది రెండు చోట్ల ఉంటుంది. సైట్ అడ్రస్ డేటాబేస్‌లో ఉండటం వల్ల లింక్ తెరవగానే మళ్లీ లోకల్‌హోస్ట్‌కు మళ్లిస్తుంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో, చివర ఉండే సెట్టింగ్స్ ఫైల్‌ను పిలిచే లైన్ కంటే పైన, డబ్ల్యూపీ_హోమ్, డబ్ల్యూపీ_సైట్‌యూఆర్ఎల్ అనే రెండు కాన్‌స్టెంట్లను కొత్త లింక్‌తో డిఫైన్ చేస్తే మళ్లించడం ఆగుతుంది. ఇవి రెండూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. దీనితోపాటు, టన్నెల్ పంపే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌లో హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే, సర్వర్ వేరియబుల్స్‌లో హెచ్‌టీటీపీఎస్‌ను ఆన్ చేసే రెండు లైన్లు కూడా అక్కడే రాయండి. లేకపోతే పేజీ తనను తానే పదేపదే మళ్లించుకునే ప్రమాదం ఉంది. రెండోది, పోస్టుల్లో పెట్టిన ఫొటోల అడ్రస్‌లు. వాటిని డబ్ల్యూపీ-సీఎల్ఐ సెర్చ్-రీప్లేస్‌తోనో, అదే పని చేసే ప్లగిన్‌తోనో మార్చాలి. రోజూ లింక్ మారుతుంటే ఇదంతా రోజూ చేయాలి. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు నేరుగా సొంత డొమైన్ పద్ధతికి వెళ్లిపోవడమే సుఖం.

రియాక్ట్, వ్యూ లాంటివి వాడేవాళ్లకు జావాస్క్రిప్ట్‌లో ఏపీఐ అడ్రస్ లోకల్‌హోస్ట్:5000 అని రాసి ఉండటం సమస్య. రెండో టన్నెల్ తెరవకండి. ఏపీఐ అడ్రస్‌ను /ఏపీఐ అని మాత్రమే రాసి, డెవ్ సర్వర్‌లో ప్రాక్సీ సెట్టింగ్‌తో దాన్ని 5000కు పంపించండి. ఒకే టన్నెల్‌తో పనైపోతుంది, కార్స్ (వేరే అడ్రస్‌కు వెళ్లే రిక్వెస్ట్‌లను బ్రౌజర్ ఆపే నియమం) గొడవ కూడా ఉండదు.

రియాక్ట్, వ్యూ ప్రాజెక్టుల డెవ్ సర్వర్ అయిన వీట్ కొత్త వెర్షన్లు తెలియని హోస్ట్ పేరుతో వచ్చిన రిక్వెస్ట్‌ను ఆపేసి "దిస్ హోస్ట్ ఈజ్ నాట్ అలౌడ్" అంటాయి. కాన్ఫిగ్‌లో సర్వర్ కింద అలౌడ్‌హోస్ట్స్ (హెచ్ పెద్ద అక్షరం) జాబితాలో మీ టన్నెల్ పేరు చేర్చండి. అన్నిటినీ అనుమతించేలా ట్రూ అని పెట్టేయకండి. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అలౌడ్_హోస్ట్స్‌కు పేరు చేర్చాలి. ఫారం పంపితే సీఎస్ఆర్ఎఫ్ ఎర్రర్ వస్తే సీఎస్ఆర్ఎఫ్_ట్రస్టెడ్_ఆరిజిన్స్‌లో కూడా చేర్చాలి. ఈ రెండు పేర్లూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. 4.0 వెర్షన్ నుంచి అక్కడ హెచ్‌టీటీపీఎస్:// తో సహా రాయాలి.

502 ఎర్రర్ వస్తే టన్నెల్ బాగానే ఉంది, దాని వెనక మీ సైట్ నడవడం లేదు, లేదా పోర్ట్ తప్పు. 1033 వస్తే సైట్ సంగతి తర్వాత, టన్నెల్ ప్రోగ్రామే ఆగిపోయింది. కాలేజీ వైఫైలో అసలు కనెక్షనే రిజిస్టర్ కాకపోతే, అక్కడి ఫైర్‌వాల్ 7844 పోర్ట్‌ను ఆపుతోందని అనుమానించాలి. క్లౌడ్‌ఫ్లేర్‌డీ మొదట యూడీపీ మీద క్విక్ ప్రోటోకాల్‌తో ప్రయత్నిస్తుంది. కమాండ్‌కు --ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ2 చేర్చితే టీసీపీకి మారుతుంది, కానీ పోర్ట్ అదే. అప్పటికీ కుదరకపోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి.

మూడో అడుగు: సొంత డొమైన్, దానికి తాళం

ప్రాజెక్టు వారాల తరబడి సాగుతూ, క్లయింట్ మధ్యమధ్యలో చూస్తానంటే మారని అడ్రస్ కావాలి. దానికి మీ పేరు మీద ఒక డొమైన్ ఉండాలి, దాని నేమ్‌సర్వర్లు (డొమైన్ పేరు ఎటు వెళ్లాలో చెప్పే సర్వర్లు) క్లౌడ్‌ఫ్లేర్‌కు మార్చాలి. ఆ డొమైన్ మీద ఇప్పటికే ఈమెయిల్ నడుస్తుంటే, మార్చే ముందు, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులన్నీ కొత్త చోటికి వచ్చాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. లేకపోతే మెయిళ్లు ఆగిపోతాయి. క్లయింట్ డొమైన్‌తో ఈ ప్రయోగం చేయకండి, మీ సొంతది వాడండి.

నేను ముందు తాళం వేసి, ఆ తర్వాత తలుపు పెట్టమంటాను. క్లౌడ్‌ఫ్లేర్ జీరో ట్రస్ట్ డాష్‌బోర్డ్‌లో యాక్సెస్ అప్లికేషన్స్ అనే చోట సెల్ఫ్-హోస్టెడ్ అప్లికేషన్ ఒకటి చేర్చి, మీరు ఇవ్వబోయే పేరు, అంటే డెమో.మీడొమైన్ లాంటిది, రాయండి. పాలసీలో అలౌ ఎంచుకుని, ఎవరెవరు చూడొచ్చో వాళ్ల ఈమెయిళ్లు చేర్చండి: ఆవిడది, డాలస్ అబ్బాయిది, మీది. లాగిన్ పద్ధతిగా వన్-టైమ్ పిన్ పెట్టండి. వాళ్లు లింక్ తెరిస్తే ఈమెయిల్ అడుగుతుంది, మెయిల్‌కు ఒక కోడ్ వస్తుంది, అది కొడితేనే సైట్ కనిపిస్తుంది. మీ సైట్‌లో ఒక్క లైన్ కోడ్ మార్చనక్కర్లేదు. 50 మంది దాకా ఇది ఉచితం. "లింక్ మా ఇద్దరికే తెలుసు" అన్న ధీమా కంటే ఇది ఎంతో మేలు, వాట్సాప్‌లో లింక్ ఎక్కడెక్కడికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు.

ఇప్పుడు అదే డాష్‌బోర్డ్‌లో టన్నెల్స్ భాగానికి వెళ్లి కొత్త టన్నెల్ సృష్టించి పేరు పెట్టండి. మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకుంటే, పొడవాటి టోకెన్‌తో ఒక కమాండ్ ఇస్తుంది. దాన్ని కాపీ చేసి మీ టెర్మినల్‌లో, విండోస్ అయితే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన దానిలో, నడపండి. ఆ టోకెన్ దొరికినవాళ్లు మీ టన్నెల్‌ను తమ కంప్యూటర్‌లో నడపగలరు, కాబట్టి దాన్ని గిట్‌హబ్‌లోకీ, వాట్సాప్ గ్రూపులోకీ వెళ్లనివ్వకండి. తర్వాత పబ్లిష్డ్ అప్లికేషన్ (ఇంతకుముందు పబ్లిక్ హోస్ట్‌నేమ్ అనేవారు) దగ్గర సబ్‌డొమైన్‌గా డెమో అని, సర్వీస్ రకం హెచ్‌టీటీపీ అని, అడ్రస్ 127.0.0.1:8081 అని ఇవ్వండి. డీఎన్ఎస్ రికార్డు అదే సృష్టించుకుంటుంది.

పేరు ఒక మెట్టుకే ఆపండి. ఉచిత సర్టిఫికెట్ డెమో.మీడొమైన్ దాకా పని చేస్తుంది. పచ్చళ్లు.డెమో.మీడొమైన్ అని రెండు మెట్లు పెడితే బ్రౌజర్ సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది, మీరేమో టన్నెల్‌లో తప్పు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

ఇలా పెట్టింది సర్వీస్‌గా నడుస్తుంది, అంటే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ టన్నెల్ దానంతటదే తెరుచుకుంటుంది. సౌకర్యమే గానీ, మీరు మరిచిపోయినా అది మరిచిపోదు. ఇంకోటి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఐటీ విభాగం అనుమతి లేకుండా ఏ టన్నెలూ నడపకండి. వాళ్ల ఫైర్‌వాల్‌ను దాటించే పని అది.

వెబ్‌హుక్ పరీక్షించాలంటే

రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వేలు, టెలిగ్రామ్ బాట్లు ఏదైనా జరిగినప్పుడు మీ సైట్‌కు కబురు పంపుతాయి. ఆ కబురు రావడానికి పబ్లిక్ అడ్రస్ తప్పనిసరి. దీనికి నేను ఎన్‌గ్రాక్ అనే ఇంకో టన్నెల్‌ను ఇష్టపడతాను. అకౌంట్ తెరిచి, ఇచ్చిన ఆథ్‌టోకెన్‌ను ఒకసారి చేర్చుకుంటే, ఎన్‌గ్రాక్ హెచ్‌టీటీపీ 8081 అన్న కమాండ్ చాలు. అది నడుస్తుండగా మీ బ్రౌజర్‌లో 127.0.0.1:4040 తెరవండి. వచ్చిన ప్రతి రిక్వెస్ట్ హెడర్లతో, పూర్తి బాడీతో కనిపిస్తుంది. పక్కనే రీప్లే బటన్ ఉంటుంది. కోడ్ సరిదిద్దుకున్న ప్రతిసారీ కొత్తగా ఉత్తుత్తి పేమెంట్ చేయనక్కర్లేదు, పాత కబురునే మళ్లీ పంపించుకోవచ్చు. డెవలపర్‌కు ఇది మిగిల్చే సమయం చాలా ఎక్కువ. ఉచిత ప్లాన్‌లో మనుషులు బ్రౌజర్‌లో తెరిస్తే ముందు ఒక హెచ్చరిక పేజీ వస్తుంది కాబట్టి, క్లయింట్‌కు చూపించడానికి మాత్రం క్లౌడ్‌ఫ్లేరే నయం. కాలేజీ వైఫైలో 7844 ఆపేసినా ఇది 443 మీద వెళ్తుంది కనుక తరచుగా పని చేస్తుంది.

పేమెంట్ గేట్‌వేను టెస్ట్ మోడ్‌లోనే ఉంచండి. వచ్చిన కబురు నిజంగా రేజర్‌పే పంపిందో లేదో ఎక్స్-రేజర్‌పే-సిగ్నేచర్ హెడర్‌తో సరిచూసే కోడ్‌ను డెమో దశలోనే రాయండి. అడ్రస్ తెలిసిన ఎవరైనా "డబ్బు కట్టేశారు" అని ఉత్తుత్తి కబురు పంపగలరు. పైన చెప్పిన యాక్సెస్ తాళం వేసి ఉంటే వెబ్‌హుక్ కూడా లోపలికి రాలేదు, దానికి ఈమెయిల్ పిన్ కొట్టడం చేతకాదు కదా. ఆ ఒక్క పాత్‌కు విడిగా అప్లికేషన్ చేర్చి బైపాస్ పాలసీ ఇవ్వాలి.

ఇంకొన్ని దారులు

వీఎస్ కోడ్ ఎడిటర్ వాడే విద్యార్థులకు అన్నిటికంటే సులువైనది దానిలోనే ఉంది. కింద పోర్ట్స్ ట్యాబ్‌లో ఫార్వర్డ్ ఎ పోర్ట్ నొక్కి, గిట్‌హబ్ అకౌంట్‌తో లాగిన్ అయితే లింక్ వస్తుంది. మొదట అది ప్రైవేట్‌గా ఉంటుంది, కావాలనుకుంటేనే పబ్లిక్ చేయాలి. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది.

టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ (వీపీఎన్) ఇప్పటికే వాడేవాళ్లకు దానిలోనే ఫనెల్ అనే టన్నెల్ ఉంది, 443, 8443, 10000 పోర్టుల మీదే బయటికి ఇస్తుంది.

సొంత వీపీఎస్ (అద్దెకు తీసుకున్న సర్వర్) ఉన్నవాళ్లకు ఏ కంపెనీ టన్నెలూ అక్కర్లేదు, ఆ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ చాలు:

ఎస్ఎస్‌హెచ్ -ఆర్ 8081:127.0.0.1:8081 యూజర్@సర్వర్

ఆర్ పెద్ద అక్షరం. ఇలా తెరిచిన పోర్ట్ మామూలుగా ఆ సర్వర్ లోపలికే కనిపిస్తుంది, బయటికి కనిపించదు. గేట్‌వేపోర్ట్స్ సెట్టింగ్ మార్చమని కొందరు చెబుతారు, మార్చకండి. సర్వర్ మీద క్యాడీ అనే వెబ్ సర్వర్ పెట్టి, డొమైన్‌కు వచ్చిన రిక్వెస్ట్‌లను 127.0.0.1:8081కు పంపమనండి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది. లైన్ మధ్యలో తెగకుండా -ఓ సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్=60 చేర్చండి. హెచ్‌టీటీపీఎస్ విప్పేది మీ సర్వరే కాబట్టి, మధ్యలో మూడో కంపెనీ ఉండకూడదనుకునేవాళ్లకు ఇదే తగినది.

పని అయ్యాక

తాత్కాలిక లింక్ అయితే కంట్రోల్, సీ నొక్కితే చాలు. సొంత డొమైన్ మీద పెట్టినదాన్ని మూయడానికి ఇంకొంచెం పని ఉంది. అడ్మిన్ టెర్మినల్‌లో క్లౌడ్‌ఫ్లేర్‌డీ సర్వీస్ అన్‌ఇన్‌స్టాల్ అని నడపండి. డాష్‌బోర్డ్‌లో ఆ పబ్లిష్డ్ అప్లికేషన్‌ను తీసేసి, టన్నెల్‌ను డిలీట్ చేయండి. డీఎన్ఎస్ పేజీలో ఆ పేరును టన్నెల్‌కు మళ్లించే సీనేమ్ రికార్డు ఇంకా మిగిలి ఉంటే అదీ తీసేయండి. రేజర్‌పే, టెలిగ్రామ్‌లలో ఇచ్చిన వెబ్‌హుక్ అడ్రస్‌లు తొలగించండి. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో, అలౌడ్‌హోస్ట్స్‌లో చేర్చిన లైన్లు తీసేశాకే కోడ్‌ను గిట్‌లోకి పంపండి. చివరగా ఫోన్‌లో మొబైల్ డేటా మీద పాత లింక్ తెరిచి, ఎర్రర్ వస్తోందో లేదో చూడండి.